ఇల్లు కట్టే మనిషి చట్టం లెక్కలో ‘కాంట్రాక్టర్’ ఎప్పుడవుతాడు? నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు మొదలుపెట్టే ముందు ‘కాంట్రాక్టర్‌కి లైసెన్సు ఉందో లేదో చూసుకో’ అని ప్రతి ఒక్కరూ సలహా ఇస్తారు. ఏ లైసెన్సు, ఎవరిచ్చేది అని తిరిగి అడిగితే జవాబు రాదు. కాగితాలు చాలా రకాలు, ఒక్కోటి ఒక్కో పనికి. మీ పనికి ఏది అవసరమో తెలిస్తే మిగతావి చూపించినా చూపించకపోయినా ఒకటే.

మన రాష్ట్రంలో ఇళ్లు కట్టే కాంట్రాక్టర్‌కి లైసెన్సు తప్పనిసరా?

సొంత స్థలంలో సొంతానికి ఇల్లు కట్టించుకునే వారి దగ్గర పని ఒప్పుకోవడానికి డాక్టర్‌కో వకీలుకో ఉన్నట్టు ‘ఇది ఉంటేనే పని చేయాలి’ అనే రాష్ట్ర లైసెన్సు ఆంధ్రప్రదేశ్‌లో లేదు. కావలిలోనైనా కోవూరులోనైనా, పొదిలిలోనైనా ఒక మేస్త్రీ పది ఇళ్లు కట్టి పదకొండోది ఒప్పుకుంటే అది నేరం కాదు.

కట్టి అమ్మే వ్యాపారం సంగతి వేరు. పట్టణాల్లో అపార్ట్‌మెంట్లు లేపే బిల్డర్లు, డెవలపర్ల నమోదు గురించి భవన నిబంధనలు అడుగుతాయి. ఆపైన రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ఉంది. ప్రభుత్వ పనులకు శాఖల రిజిస్ట్రేషన్ కావాలి. కరెంటు పనికి, బోరు వేయడానికి విడిగా లైసెన్సులున్నాయి. మనుషుల సంఖ్య పెరిగితే కార్మిక శాఖ లైసెన్సు వస్తుంది. అందుకే ‘లైసెన్సు ఉందా’ అని కాకుండా ‘ఈ పనికి ఏ కాగితం కావాలి, అది ఉందా’ అని అడగాలి.

అయితే చట్టం ఎవరిని కాంట్రాక్టర్ అంటుంది?

బోర్డు మీద ఏం రాసుకున్నాడన్నది లెక్కలోకి రాదు, ఏం ఒప్పుకున్నాడన్నదే లెక్క. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమైనా, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టమైనా, వాటి స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లైనా ఈ విషయంలో దాదాపు ఒకే మాట చెబుతాయి. ఫలానా పని పూర్తి చేసి ఇస్తానని ఒప్పుకుని కూలీలను పెట్టి చేయించేవాడు కాంట్రాక్టర్. పనికి మనుషులను సరఫరా చేసేవాడూ కాంట్రాక్టరే. వీళ్ల దగ్గర కింది పని తీసుకున్న సబ్ కాంట్రాక్టర్ కూడా అందులోకే వస్తాడు. సరుకు మాత్రమే వేసేవాడు రాడు.

అంటే చదువు, సర్టిఫికెట్, ఆఫీసు ఏదీ లేకపోయినా ‘స్లాబ్ దాకా ఇంతకు చేసి ఇస్తా’ అని ఒప్పుకున్న మనిషి కాంట్రాక్టరే. సెంట్రింగ్ ఒక్కటే చదరపు అడుగు లెక్కన ఒప్పుకున్నవాడు, కడ్డీ కట్టడానికి టన్ను లెక్కన ఒప్పుకున్నవాడు కూడా అంతే.

మా బేల్దారి మేస్త్రీ నలుగురిని వెంటబెట్టుకుని వస్తాడు. అతను కాంట్రాక్టరా, కూలీనా?

ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే. మేస్త్రీకి రోజుకింత, బేల్దారికింత, చిత్తాళ్లకింత అని మీరే లెక్కగట్టి శనివారం ఇస్తున్నారు, ఏ గోడ ముందు కట్టాలో మీరే చెబుతున్నారు, పని ఆలస్యమైతే నష్టం మీదే. అలాంటప్పుడు మేస్త్రీ కూడా కూలీల్లో ఒకడు. ముఠాకు పెద్ద అయినంత మాత్రాన కాంట్రాక్టర్ కాడు.

అదే మనిషి ‘గోడలు, ప్లాస్టరింగ్ అంతా కలిపి ఇంత’ అని గుత్తకు తీసుకుని, ఎంతమందిని పెట్టాలో తనే తేల్చుకుని, తన కూలీలకు తనే డబ్బిస్తూ, మిగిలింది జేబులో వేసుకుంటూ, తక్కువ పడితే తనే భరిస్తుంటే అతను కాంట్రాక్టర్. లాభనష్టాలు ఎవరివో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

సగం ఇల్లు గుత్తకు, మిగతా సగం రోజు కూలీకి చేయించేవాళ్లు చాలామంది. తప్పేం లేదు గానీ, ఏ తేదీ నుంచి ఏ పద్ధతో ఒక పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. తేడా వస్తే ఏ చట్టం వర్తిస్తుందో, ఎక్కడికి వెళ్లాలో ఆ రాత మీదే ఆధారపడుతుంది.

ఇసుక, కంకర, రెడీమిక్స్ వేసేవాళ్లు?

సరుకు అమ్మేవాళ్లు, అంతే. రెడీమిక్స్ కంపెనీ పంపుతో స్లాబ్ మీదకు పోసినా, ఫినిషింగ్, క్యూరింగ్ ఒప్పుకోకపోతే అది సరుకు సరఫరాయే. చీమకుర్తి నుంచి గ్రానైట్ తెచ్చి దించినవాడు వ్యాపారి. అదే గ్రానైట్‌ని పరిచి, పాలిష్ పెట్టి ఇస్తానన్నవాడు కాంట్రాక్టర్.

ప్లాను మీద సంతకం పెట్టిన ఇంజనీరు బాధ్యుడు కాడా?

ఆయన లైసెన్సుడు టెక్నికల్ పర్సన్. జనం ఎల్‌టీపీ అంటారు. ఆయన పని ప్లాను నిబంధనల ప్రకారం గీసి, నెల్లూరు, ఒంగోలు కార్పొరేషన్లకో, నుడా, ఔడా వంటి పట్టణాభివృద్ధి సంస్థలకో దాఖలు చేయడం. ప్లాను తప్పయితే ఆయన లైసెన్సుకే ముప్పు. కానీ సైటులో రోజూ నిలబడి పని చేయిస్తానని విడిగా ఒప్పుకోకపోతే, సిమెంటు పాలు తగ్గినందుకు ఆయన మీదకు పోలేరు. ఆయన చేత సూపర్‌విజన్ చేయించాలంటే పునాది, ప్లింత్ బీము, స్లాబ్ కడ్డీ కట్టిన రోజు, కాంక్రీటు పోసే రోజు వచ్చి చూసి సంతకం పెట్టేటట్టు వేరే ఒప్పందం రాసుకోండి.

ప్లాను దాటి కట్టమన్నది మీరే అయితే కాంట్రాక్టర్ని తప్పుపట్టే దారి ఉండదు. జరిమానా, నోటీసు వచ్చేది ఇంటి యజమాని పేరు మీద.

జీఎస్టీ నంబరు, ఉద్యమ్ సర్టిఫికెట్ చూపిస్తున్నాడు. సరిపోతాయా?

రెండూ లైసెన్సులు కావు. ఉద్యమ్ అనేది చిన్న వ్యాపారి ఆధార్‌తో ఆన్‌లైన్లో తనే చేసుకునే నమోదు. ఇల్లు కట్టడం వచ్చో రాదో దాన్ని ఎవరూ పరీక్షించరు. జీఎస్టీ పన్ను కట్టడానికి.

అయినా జీఎస్టీ నంబరు అడగండి, మనిషి ఎవరో తేలుతుంది. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాతి పది పాన్ నంబరు. ఆ పాన్‌లో నాలుగో అక్షరం ‘పి’ అయితే వ్యక్తి, ‘ఎఫ్’ అయితే భాగస్వామ్య సంస్థ, ‘సి’ అయితే కంపెనీ. ‘ఫలానా కన్‌స్ట్రక్షన్స్ ప్రైవేట్ లిమిటెడ్’ అని కార్డు ఇచ్చినవాడి నంబరులో ‘పి’ కనిపిస్తే కంపెనీ ఎక్కడుందో అడగాలి. జీఎస్టీ పోర్టల్లో నంబరు కొడితే అసలు పేరు, చిరునామా, నమోదు నడుస్తోందా రద్దయిందా ఉచితంగా కనిపిస్తాయి. అగ్రిమెంటు ఆ పేరుతోనే ఉండాలి.

భాగస్వామ్య సంస్థ అయితే ఇంకో ముక్క. 1932 చట్టం ప్రకారం రిజిస్టర్ కాని సంస్థ తన ఒప్పందం మీద బయటివాళ్లపై దావా వేయడానికి వీల్లేదు. మీరు దాని మీద వేయవచ్చు. మీకేమీ నష్టం లేదు గానీ, ఆ చిన్న పని కూడా చేసుకోని సంస్థ మిగతా కాగితాలు ఎలా ఉంచుకుంటుందో ఊహించుకోవచ్చు.

‘క్లాస్ వన్ కాంట్రాక్టర్ని’ అంటున్నాడు. నమ్మొచ్చా?

అది ఆర్ అండ్ బీ, ఇరిగేషన్ లాంటి శాఖల టెండర్లు వేయడానికి ఇచ్చే రిజిస్ట్రేషన్. స్పెషల్ క్లాస్, ఆ తర్వాత 1 నుంచి 5 దాకా తరగతులు. చేసిన పనుల విలువ, సాల్వెన్సీ (అప్పు తీర్చగల స్తోమత), యంత్రాలు, ఇంజనీర్లను బట్టి తరగతి నిర్ణయిస్తారు. కాబట్టి కొంత ఆర్థిక స్తోమత ఉన్నట్టు అర్థం. అయితే కాలువ గట్లు, రోడ్లు వేసిన అనుభవంతో కూడా ఆ తరగతి రావచ్చు. మీ మెట్ల కింద టాయిలెట్‌కి వాలు సరిగ్గా పెడతాడనడానికి అది హామీ కాదు. కాగితం మీద తరగతి కంటే గడువు తేదీ ముందు చూడండి.

నిజంగా లైసెన్సు అడిగి తీరాల్సిన పనులు ఏవి?

కరెంటు. వైరింగ్ పని లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలని కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతాయి. పని చేసే మనిషికి వైర్‌మన్ పర్మిట్, పైన చూసేవారికి సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉండాలి. నెల్లూరులో ఎస్‌పీడీసీఎల్, ఒంగోలులో సీపీడీసీఎల్ దగ్గర సర్వీసుకు వెళ్లినప్పుడు ఆ లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ సంతకంతో వైరింగ్ పూర్తయిన రిపోర్టు కావాలి. మామూలుగా జరిగే మోసం ఇదే: పని ఒకడు చేస్తాడు, సంతకం డబ్బిచ్చి ఇంకొకడి దగ్గర పెట్టిస్తారు. ఎర్తింగ్ సరిగా లేక షాక్ కొట్టిన రోజు సంతకం పెట్టినవాడు ‘నేను ఆ ఇల్లే చూడలేదు’ అంటాడు. మొదటి రోజే లైసెన్సు కాపీ తీసుకుని, అందులో ఉన్న మనిషినే సైటుకు పిలవండి.

బోరు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద రిగ్గు నమోదై ఉండాలి, బోరుకి అనుమతి ఉండాలి. రాత్రికి రాత్రి వేసి పోతానన్న లారీ తమిళనాడు నుంచి వచ్చిందా ఇంకెక్కడినుంచి వచ్చిందా అన్నది కాదు, ఇక్కడ నమోదు ఉందా అన్నది అడగాలి.

ఆర్కిటెక్ట్. 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. డ్రాయింగ్ గీసే ప్రతివాడూ ఆర్కిటెక్ట్ కాడు.

కార్మిక శాఖ లైసెన్సు ఎప్పుడు కావాలి?

కొత్త వృత్తి భద్రత కోడ్ కింద 50 మంది లేదా అంతకు మించి కాంట్రాక్టు కూలీలను పెట్టే కాంట్రాక్టర్‌కి లైసెన్సు కావాలి. సొంతిల్లు కట్టేచోట ఆ లెక్క రాదు.

సొంత నివాసానికి కట్టుకునే ఇల్లు, ఖర్చు 50 లక్షలు దాటకపోతే కోడ్ చెప్పే ‘భవన నిర్మాణ పని’ కిందకే రాదు. పాత చట్టంలో ఈ హద్దు 10 లక్షలు. పదిమంది కంటే తక్కువ కూలీలున్న పనికీ మినహాయింపు ఉంది. కింద రెండు షాపులు, పైన అద్దె పోర్షన్లు వేస్తుంటే అది ‘సొంత నివాసం’ అనిపించుకోవడం కష్టం.

ఆ నిర్వచనంలోకి వచ్చే కట్టడాలకు నిర్మాణ ఖర్చు మీద కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం. ఇది ప్లాను ఫీజులతో కలిపే కట్టించుకుంటారు కాబట్టి చాలామంది గమనించరు. రసీదు దాచుకోండి. కాంట్రాక్టర్ అదే సెస్సుని మీ బిల్లులో మళ్లీ వేస్తే ఆ రసీదే జవాబు.

స్థలం మాది, కట్టేది బిల్డర్. ఫ్లాట్లు చెరిసగం. అతను మా కాంట్రాక్టరేనా?

కాదు. డెవలప్‌మెంట్ అగ్రిమెంటు చేసుకుని ఫ్లాట్లు అమ్మేవాడు 2016 రెరా చట్టంలో ప్రమోటర్. అమ్మడానికి కట్టేవాడు బిల్డర్, కాంట్రాక్టర్, డెవలపర్, ఏ పేరు పెట్టుకున్నా ప్రమోటరేనని ఆ నిర్వచనంలోనే ఉంది. అమ్మకంలో వాటా ఉన్న స్థలం యజమానిని కూడా అదే గాటన కట్టే అవకాశం ఉంది, కాబట్టి ‘నాకేం సంబంధం’ అని కూర్చోవద్దు.

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా ఏపీ రెరాలో నమోదు కావాలి. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి 500 చదరపు మీటర్లంటే దాదాపు 75 అంకణాలు. గజాల్లో 598. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడం, అడ్వాన్సు తీసుకోవడం కుదరదు.

ప్రమోటర్ అయితే స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే, మీరు చెప్పిన 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. సొంతింటికి పెట్టుకున్న కాంట్రాక్టర్‌కి ఈ 5 ఏళ్ల బాధ్యత చట్టం నుంచి రాదు. అగ్రిమెంటులో రాస్తేనే వస్తుంది.

అగ్రిమెంటులో ఏం ఉండాలి?

లైసెన్సు లేని చోట మిమ్మల్ని కాపాడేది ఇదొక్కటే కాబట్టి రెండు పేజీలు ఎక్కువైనా ఫర్వాలేదు.

ముందు కొలత. చదరపు అడుగుకి ఇంత అని రాస్తారు, దేని చదరపు అడుగో రాయరు. ప్లింత్ కొలతా, స్లాబ్ కొలతా? ప్లింత్ 1200 అడుగులు, బాల్కనీ, సన్‌షేడ్లు కలిపితే స్లాబ్ 1350 అనుకోండి. లేబర్ రేటు 400 అయితే తేడా 60,000 రూపాయలు. మెట్ల హెడ్‌రూమ్, పారాపెట్, సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండ్ గోడ లోపలా బయటా అన్నది ఒక్కొక్కటిగా రాయండి. స్థలం అంకణాల్లో, కట్టడం అడుగుల్లో, గోడ రన్నింగ్ అడుగుల్లో ఉంటుంది. కలిపి రాస్తే చివర్లో కొట్టుకోవాల్సిందే.

తర్వాత పునాది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో గట్టి నేల దొరికేదాకా తవ్వాల్సి వస్తుంది. సముద్రం వైపు ఊళ్లలో రెండు మూడు అడుగులకే నీళ్లు ఊరి మోటారు పెట్టాల్సి వస్తుంది. రేటు ఎన్ని అడుగుల లోతు వరకు, ఆపైన అడుగుకి ఎంత, నీళ్లు తోడే ఖర్చు ఎవరిది అన్నది ముందే తేల్చకపోతే గోతి తవ్విన నాలుగో రోజే పని ఆగుతుంది.

మెటీరియల్‌తో సహా ఇస్తే కడ్డీ గ్రేడు, కంపెనీ, సిమెంటు రకం, కాంక్రీటు ఎం20 అయితే 1:1.5:3 పాళ్లు (సిమెంటు, ఇసుక, కంకర), వైరు కంపెనీ, టైలు చదరపు అడుగుకి ఎంత ధర వరకు అన్నీ రాయాలి. ‘స్టాండర్డ్ మెటీరియల్’ అన్న మాట ఎక్కడ కనిపించినా కొట్టేయండి. లేబర్ ఒక్కటే ఇస్తే సెంట్రింగ్ సామాను, మిల్లర్, వైబ్రేటర్ ఎవరివో, కరెంటు, నీళ్లు ఎవరివో రాయాలి.

సెంట్రింగ్ విప్పే రోజు కూడా ఒప్పందంలో ఉండాలి. సామాను ఇంకో సైటుకు కావాలని తొందరపడి విప్పుతారు. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబ్‌కి ఆసరా కర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీములకు 6 మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21. ఇంజనీరు రాతపూర్వకంగా చెప్పకుండా విప్పితే పగుళ్ల బాధ్యత కాంట్రాక్టర్‌దే అని ఒక వాక్యం చేర్చండి.

డబ్బు పని వెనకాల నడవాలి, ముందు కాదు. పునాది, ప్లింత్, లింటెల్, స్లాబ్, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ పూర్తయ్యాకే ఆ దశ డబ్బు. స్లాబ్ పడగానే సగం పైగా డబ్బు చేరిన కాంట్రాక్టర్‌కి మీ ప్లాస్టరింగ్ మీద ఆసక్తి ఉండదు. చివరి 5 శాతం ఒక వర్షాకాలం గడిచాక ఇస్తానని రాసుకోవడం మా దృష్టిలో న్యాయమే. నవంబర్, డిసెంబర్ వానలు స్లాబ్‌ని ఎవరూ పరీక్షించనంత బాగా పరీక్షిస్తాయి.

జీఎస్టీ, టీడీఎస్ మేం కట్టాలా?

విడి ఇల్లు ఒక్కదానికి లేబర్ మాత్రమే ఒప్పుకుంటే ఆ కూలీ మీద జీఎస్టీ మినహాయింపు. మెటీరియల్‌తో కలిపి చేస్తే వర్క్స్ కాంట్రాక్ట్, 18 శాతం. కాంట్రాక్టర్ ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే అతను నమోదు కానవసరం లేదు, కాబట్టి మీ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. నంబరు లేకుండా బిల్లులో 18 శాతం వేసేవాళ్లున్నారు. ఆ డబ్బు ప్రభుత్వానికి పోదు.

ఇల్లు కట్టించుకునే వ్యక్తి ఒకే కాంట్రాక్టర్‌కి ఏడాదిలో 50 లక్షలు మించి ఇస్తే 2 శాతం టీడీఎస్ మినహాయించి కట్టాలి. టాన్ (టీడీఎస్ కట్టేవారికిచ్చే నంబరు) అవసరం లేదు, పాన్‌తో సరిపోతుంది.

కూలీ పైనుంచి పడితే ఎవరిది బాధ్యత?

మొదట చూసేది కూలీ డబ్బు ఎవరిచ్చారు, పని ఎవరు పురమాయించారు అని. రోజు కూలీ పద్ధతిలో మీరే ఇస్తుంటే మీరే యజమాని అనే వాదన బలపడుతుంది. గుత్తకిస్తే ముందు కాంట్రాక్టర్. అయితే అపార్ట్‌మెంట్ వ్యాపారం చేసేవారి దగ్గర కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే నష్టపరిహారం అసలు యజమాని నుంచి రాబట్టే ఏర్పాటు చట్టంలో ఉంది. ఏ పద్ధతైనా పని మొదలయ్యే ముందు ఆ సైటు పేరుతో కార్మికుల నష్టపరిహార బీమా తీయించండి. సంవత్సరం కూలీ అంచనా మీద ప్రీమియం కడతారు. కాంట్రాక్టర్ పాత సైటు పాలసీ చూపిస్తే అది మీ సైటుకు పనికిరాదు.

పని మధ్యలో వదిలేసి పోయాడు. లైసెన్సు లేదు కాబట్టి బాకీ ఎగ్గొట్టొచ్చా?

ఎగ్గొట్టలేరు. చేసిన పనికి డబ్బు అడిగే హక్కు అతనికుంది. మీకూ అతని మీద హక్కుంది. గుత్తకు ఇచ్చిన ఇంటి నిర్మాణం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకు అయితే జిల్లా కమిషన్‌కి, నెల్లూరులోనో ఒంగోలులోనో వెళ్లవచ్చు. 5 లక్షల వరకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. రోజు కూలీకి పెట్టుకున్న మేస్త్రీ మీద మాత్రం అక్కడ కుదరదు, అది వ్యక్తిగత సేవ. కాంట్రాక్టరా కూలీనా అన్న తేడా ముందే రాసుకోమన్నది అందుకే.

వదిలేసిన రోజు చేయాల్సిన పని ఒకటుంది. కొత్తవాడిని దించకముందే అప్పటిదాకా అయిన పనిని ఒక ఇంజనీరు చేత కొలిపించి, తేదీ కనిపించే ఫొటోలతో విలువ రాయించుకోండి. పాత కాంట్రాక్టర్‌కి రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపండి. కొత్త మేస్త్రీ గోడ మీద గోడ కట్టేశాక ఎవరి పని ఎంతో ఏ కమిషనూ తేల్చలేదు.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడిలా ఇక్కడెందుకు లేదంటున్నాడు.

అక్కడ రాష్ట్రానికో పద్ధతి. కాలిఫోర్నియాలో రాష్ట్ర బోర్డు లైసెన్సు లేకుండా 1,000 డాలర్లు, ఆపైన పని ఒప్పుకోకూడదు. 2024 చివరి దాకా ఈ హద్దు 500. లైసెన్సు లేనివాడు పని చేసినా డబ్బు కోసం కోర్టుకెళ్లలేడు, పైగా తీసుకున్నదే వెనక్కి ఇవ్వాల్సి రావచ్చు. ఇక్కడ ఆ సూత్రం లేదు. డబ్బు పంపేది ఆయన, సైటులో ఉండేది మీరు అయితే అగ్రిమెంటు ఎవరి పేరుతో ఉందో, ఎవరి ఖాతా నుంచి కాంట్రాక్టర్ ఖాతాకు వెళుతోందో ఒకేలా ఉండేట్టు చూడండి. చేతికి నగదు ఇవ్వక తప్పకపోతే ప్రతిసారీ దశ పేరుతో రసీదు రాయించుకోండి.